చేపలు రాకముందు

ఇల్లు ఖాళీ చేసే రోజున సామానంతా లారీ ఎక్కాక చివరికి మిగిలేది తరచుగా అక్వేరియమే. పగులుతుందని భయం, ఎత్తాలంటే బరువు, పైగా పిల్లలకు దాని మీద మోజు తీరి చాలాకాలమై ఉంటుంది. అలాంటి తొట్టి స్టాండు, ఫిల్టరు, లైటుతో సహా కొత్తదాని ధరలో సగానికే దొరుకుతుంది. ఒక్కోసారి "పట్టుకుపోతే చాలు" అంటారు. మొహమాటపడకుండా తెచ్చుకోండి. గాజు పాతబడి చెడిపోయేది కాదు. అతుకుల్లోని సిలికాన్ చెడుతుంది, మోటారు చెడుతుంది. రెండింటినీ బాగుచేసుకోవచ్చు.

అయితే ఒక మాట మొదట్లోనే చెప్పాలి. పాత తొట్టిని కడిగి నిలబెట్టడం రెండు మూడు రోజుల పని. అందులోని నీళ్లను చేప బతికే నీళ్లుగా మార్చడం నెల పైన పట్టే పని. మొదటిది కంటికి కనిపిస్తుంది, అందుకే అందరూ శ్రద్ధగా చేస్తారు. రెండోది కనిపించదు, అందుకే వదిలేస్తారు. శనివారం తొట్టి కడిగి, ఆదివారం చేపలు తెచ్చి, గురువారానికల్లా అవి ఒక్కొక్కటే తేలిపోతుంటే "మా చేతికి చేపలు అచ్చిరావు" అనుకుంటారు. అచ్చిరాకపోవడమంటూ ఏమీ లేదు. ఆ నీళ్లు ఇంకా సిద్ధం కాలేదు. ఈ అధ్యాయం ఆ సిద్ధం చేయడం గురించే.

తెచ్చుకునే ముందు

అమ్మేవారిని ధర కంటే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇందులో ఏ చేపలు ఉండేవి? ఎందుకు మానేశారు? మందులేమైనా వాడారా? ఇప్పుడు ఫిల్టరు నడుస్తోందా, ఆపేసి ఎన్నాళ్లయింది?

మందుల సంగతి ఎందుకంటే, అతుకుల్లోని సిలికాన్ రంగును పీల్చుకుంటుంది. నీలం రంగు పట్టిన అతుకు కనిపిస్తే మిథిలీన్ బ్లూ వాడారని అర్థం. దానివల్ల చేపలకు ప్రమాదం లేదు. రాగి కలిసిన మందు వాడి ఉంటే మాత్రం ఆ పాత గులకరాళ్లు, అలంకరణ రాళ్లు తెచ్చుకోకండి. రాగి అంటిపెట్టుకుని ఉంటుంది. నత్తలను, రొయ్యపిల్లలను అది చాలా తక్కువ మోతాదులోనే చంపుతుంది.

ఆ ప్రశ్నలన్నిటిలో విలువైనది ఆఖరిది. ఫిల్టరు ఇంకా నడుస్తుంటే ఆ మురికి స్పాంజిని కడగనివ్వకండి. అదే తొట్టి నీళ్లలో ముంచి, మూత గట్టిగా బిగించని డబ్బాలో పెట్టుకుని, కొద్ది గంటల్లో ఇంటికి తెచ్చి మళ్లీ నీళ్లలో నడిపించండి. ఆ గోధుమరంగు జిగట మురికిలో ఉన్న సూక్ష్మజీవులు మీకు మూడు నాలుగు వారాలు ఆదా చేస్తాయి. అమ్మేవారు మర్యాద కోసం దాన్ని కుళాయి కింద శుభ్రంగా కడిగి ఇస్తామంటారు. ముందే వద్దని చెప్పండి. నెలల తరబడి ఎండిన స్పాంజిలో మాత్రం ఆ బలగం మిగలదు. అది ఎంత శుభ్రంగా కనిపించినా మీరు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

తొట్టిని వెలుతురులో పెట్టి చూడండి. మూలల్లో గాజు పెచ్చు లేచిందా, రెండు పలకలు కలిసేచోట సిలికాన్ మధ్య బుడగలు కనిపిస్తున్నాయా, గోటితో గీరితే అంచు ఊడివస్తోందా? పైపైన గీతలున్నా నష్టం లేదు, నీళ్లు పోశాక సగం గీతలు కనిపించవు. పగులు చిన్నదైనా సరే ఆ తొట్టిని వదిలేయండి. గాజు మందం కూడా చూసుకోవాలి. అడుగు ఎత్తున్న రెండడుగుల తొట్టికి 5 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కనుక అడుగున్నర ఎత్తున్న మూడడుగుల తొట్టికి 8 మిల్లీమీటర్లు ఉండాలి.

తరలించేటప్పుడు పూర్తిగా ఖాళీ చేయాలి. "అడుగున కాస్త నీళ్లుంటే ఏమవుతుందిలే" అనుకునేచోటే అతుకులు విడిపోతాయి. ఆటోలో ఆ కాస్త నీళ్లే అటూ ఇటూ ఊగి పలకలను తోస్తాయి. గులకరాళ్లు కూడా వేరే బకెట్లోకి తీయండి. ఇద్దరు పట్టుకుని అడుగుభాగం కింద చేతులు పెట్టి ఎత్తాలి తప్ప పై అంచులు పట్టుకుని లేపకూడదు.

నీళ్లు కారుతాయేమో చూడటం

కడగడం కంటే ముందు ఇది చేయండి. కారే తొట్టిని గంటల తరబడి తోమడం వృథా శ్రమ. బాల్కనీలోనో వరండాలోనో నీడలో సమంగా ఉన్న నేల మీద థర్మాకోల్ షీటు పరిచి, దాని మీద పాత దినపత్రిక వేసి, తొట్టిని పెట్టండి. మూడో వంతు నింపి ఒక గంట చూడండి. తర్వాత మరో మూడో వంతు, ఆ తర్వాత మొత్తం. ఒక పగలు ఒక రాత్రి అలాగే వదిలేయండి, రెండు రోజులైతే ఇంకా మంచిది. ఎక్కడ చెమ్మ వచ్చినా కాగితం చెప్పేస్తుంది. నీటిమట్టం దగ్గర బయటివైపు టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. వేసవిలో ఆవిరై కొంత తగ్గడం సహజం. కాగితం పొడిగా ఉండి మట్టం కాస్త తగ్గితే భయపడక్కర్లేదు.

కారితే సిలికాన్ మళ్లీ పెట్టాలి. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు సరిగా పట్టదు. కారినచోట పైన కాస్త పూసి సరిపెట్టడం అందుకే నిలవదు. లోపలివైపు అంచుల్లోని పాత వరసను నాలుగు మూలల్లోనూ బ్లేడుతో పూర్తిగా తీసేసి, స్పిరిట్‌తో గాజు తుడిచి, ఆరాక, రెండు వైపులా టేపు అంటించి ఒకేసారి కొత్తది పెట్టాలి. బాత్‌రూమ్‌కు వాడే సిలికాన్‌లో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. డబ్బా మీద అక్వేరియానికి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. పెట్టేటప్పుడు ఘాటుగా వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే వారం రోజులు, నీళ్లు పోయకండి. రెండు పలకల మధ్య పట్టు నిలిపే అతుకే విడిపోయిందనుకుంటే అది ఇంట్లో చేసే పని కాదు. తొట్లు తయారుచేసే దుకాణానికి ఇచ్చేయండి. పలకలు విడదీసి మళ్లీ అతికించి ఇస్తారు.

తోమడం

ఎక్కడా సబ్బు, సర్ఫు, గిన్నెలు తోమే లిక్విడ్, ఫినాయిలు తగలకూడదు. వాటి జిడ్డు సిలికాన్‌లో, రాళ్ల సందుల్లో ఉండిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా వదలదు, చేప మొప్పలను దెబ్బతీస్తుంది. బకెట్, స్పాంజి, మగ్గు కూడా దీనికి విడిగా పెట్టుకోండి. ఇంటిల్లిపాది వాడే బకెట్‌ను ఎంత కడిగినా అందులో సబ్బు ఉంటుంది.

చేతికి గ్లవ్స్ వేసుకోండి. దీన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే సూక్ష్మజీవి పాత తొట్లలో ఉండవచ్చు. చేతి మీద గీత, పగులు ఉంటే దాని గుండా లోపలికి పోయి వారాల తర్వాత గట్టి పుండుగా తేలుతుంది. మామూలు పుండనుకుని నెలల తరబడి మందులు మార్చుకుంటూ తిరుగుతారు. తొట్టి పని చేశాక అలాంటి పుండు లేస్తే వైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పండి.

మన ఊళ్లలో పాత తొట్టి గాజు మీద తెల్లటి పొర కట్టడం మామూలు. బోరు నీళ్లు వాడిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ, గీజరు కడ్డీకి పట్టే పొర లాంటిదే. అది కాల్షియం, తోమితే పోదు, కరగాలి. తెల్ల వెనిగర్‌లో గుడ్డ ముంచి ఆ పొర మీద అరగంట పరిచి ఉంచితే మెత్తబడుతుంది. తొట్టిని పక్కకు వాలుగా పడుకోబెట్టి, ఒక్కో పలక వంతున చేసుకుంటే గుడ్డ జారదు. తర్వాత షేవింగ్ బ్లేడును పలకకు వాలుగా పట్టి గీరితే చిప్పలుగా లేచివస్తుంది. బ్లేడు సిలికాన్‌కు తగలకుండా చూసుకోవాలి. అక్రిలిక్ తొట్టి అయితే బ్లేడు జోలికే పోవద్దు, ప్లాస్టిక్ కార్డు వాడండి. ఎండిన పాచికి రాళ్లుప్పు చాలు. తడి గుడ్డలో రాళ్లుప్పు తీసుకుని రుద్దితే వచ్చేస్తుంది, గాజు మీద గీతలు పడవు.

పాత చేపలు రోగంతో పోయాయని తెలిసినా, ఎందుకు పోయాయో అమ్మినవారికే తెలియకపోయినా, బ్లీచ్ వాడటం మంచిది. ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి పావుగంట ఉంచి, చాలాసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టండి. వెనిగర్ వాడిన తొట్టిని శుభ్రంగా కడిగాకే బ్లీచ్ పోయాలి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకు అది ప్రమాదం. ఆఖరున హైపో (దుకాణంలో యాంటీ క్లోరిన్‌గా అమ్మేది) కలిపిన నీళ్లతో ఒకసారి కడిగితే మిగిలిన క్లోరిన్ విరిగిపోతుంది. చేపల ఒంటి మీద రవ్వలా తెల్లచుక్కలు వేసే రోగం గురించి మాత్రం ఎండిన తొట్టిలో భయం అక్కర్లేదు. ఆ పరాన్నజీవి చేప దొరక్కపోతే ఎక్కువ రోజులు బతకదు.

గులకరాళ్లు బురద వాసన కాకుండా కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంటే పారేసి కొత్తవి తెచ్చుకోండి, అవేమంత ఖరీదు కావు. బాగుంటే బకెట్లో కొద్దికొద్దిగా వేసి, చేత్తో కలుపుతూ, పైన తేరిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఏటి ఒడ్డు నుంచి తెచ్చిన రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, నీళ్ల గుణాన్ని మారుస్తూనే ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి

తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల మామూలు తొట్టి 60, 30, 30 అనుకుంటే 54 లీటర్లు. లీటరు నీళ్లు కిలో. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే 70 కిలోలు దాటుతుంది. 90, 45, 45 ఉన్న తొట్టిలో నీళ్లే 182 కిలోలు. టీవీ టేబుల్ మీద, షూ ర్యాక్ మీద పెట్టేది కాదిది. స్టాండు గోడవారగా, నేలకు సమంగా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూసుకోండి. ఒక మూల ఎత్తుగా ఉంటే ఆ బరువంతా ఒక అతుకు మీద పడుతుంది. గాజు అడుగున పలుచని థర్మాకోల్ షీటు తప్పనిసరి.

ఈశాన్యమా, ఉత్తరమా అని చాలామంది అడుగుతారు. మీ నమ్మకం మీది, దాన్ని కాదనను. కానీ ఆ దిక్కున నేరుగా ఎండ పడే కిటికీ ఉంటే నీళ్లు పచ్చబడతాయి, మధ్యాహ్నం కాగిపోతాయి. బరువు మోసే నేల, ఎండ పడని గోడ, దగ్గర్లో ప్లగ్గు, వీటి తర్వాతే దిక్కు.

కరెంటు విషయంలో రాజీ వద్దు. పాత తొట్టితో వచ్చిన వైర్లను వంచి చూడండి, పెళుసెక్కితే పారేయండి. హీటరు గాజులో సన్నని పగులున్నా అంతే. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా ఉంటే, వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే ఎత్తున ఉండాలి, లేదా గొట్టంలో నీళ్లను వెనక్కి రానివ్వని చిన్న వాల్వ్ పెట్టాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా పంపులోకి వచ్చేస్తాయి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ అన్ని ప్లగ్గులూ తీయండి. హీటరును ఆపిన వెంటనే నీళ్లలోంచి తీయకండి, పావుగంటైనా చల్లారనివ్వండి. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ సందర్భంగానైనా పెట్టించండి, అది ఇంటిల్లిపాదికీ రక్ష.

ఖాళీగా ఉండే నెల

నీళ్లు పోశారు, ఫిల్టరు తిరుగుతోంది, లైటు వేస్తే తొట్టి వెలిగిపోతోంది. ఇంట్లో పిల్లలుంటే ఆ సాయంత్రమే "చేపలెప్పుడు తెద్దాం నాన్నా" అని మొదలవుతుంది. ఇక్కడే ఆగాలి.

చేప తిన్నదానిలో కొంత మొప్పల గుండా, మలం గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. చెరువులో అది అంతులేని నీళ్లలో కలిసి, నేలలోని సూక్ష్మజీవులకు ఆహారమైపోతుంది. 54 లీటర్ల తొట్టిలో దానికి పోయే దారి లేదు. ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరో జాతి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చాలావరకు సాధువు, వారం వారం కొంత నీరు మారిస్తే చాలు. ఈ రెండు జాతులూ ఫిల్టరు స్పాంజికి, రాళ్లకు, గాజుకు అంటుకుని పెరుగుతాయి. నీళ్లలో తేలుతూ ఉండేవి చాలా తక్కువ. వాటి ఎదుగుదల కూడా నిదానం. పాలలో తోడు రాత్రికి రాత్రే పెరుగవుతుంది, వీటికి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

ఈ విషయం మనిషికి తెలియడానికే తండ్రీ కొడుకుల రెండు తరాలు పట్టింది. లండన్‌లోని రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక గాజు తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు, నీటిమొక్కలు, కుళ్లిన ఆకులను తినే నత్తలు కలిపి ఉంచి, నీళ్లు మార్చకుండానే అవి బతకగలవని 1850లో ప్రకటించాడు. అదే పేరున్న ఆయన కొడుకు రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, అమ్మోనియా నైట్రేటుగా మారడం రెండు అంచెల్లో, రెండు వేర్వేరు సూక్ష్మజీవుల వల్ల జరుగుతుందని తేల్చాడు. ఆ జీవులను విడిగా పెంచి చూపింది రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో. అక్వేరియాల్లో నైట్రైటును మార్చేది అంతకాలం అనుకున్న నైట్రోబ్యాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని హోవనెక్, ఆయన సహచరులు 1998లో చూపారు. దుకాణంలో సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణాలు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సీసాలో ఏ జాతి ఉందో, అది ఎన్నాళ్లు ఏ ఎండలో ఉందో మనకు తెలియదు. బాగా నడుస్తున్న తొట్టిలోంచి తెచ్చిన పిడికెడు రాళ్లు, కడగని స్పాంజి ముక్క దానికంటే నమ్మకమైనవి. ఆ తొట్టిలో రోగం లేదని మాత్రం చూసుకోండి.

చేయాల్సింది తేలికే. కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్లో తెరిచి ఉంచండి, లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. క్లోరిన్ చేపలనే కాదు, మనం పెంచాలనుకునే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఆర్వో నీళ్లు పోయకండి. చేపకు కావాల్సిన ఖనిజాలు వాటిలో దాదాపు ఉండవు. తర్వాత రోజూ చేపల మేత చిటికెడు వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. ఫిల్టరు పగలూ రాత్రీ నడవాలి, ఈ జీవులకు ఆక్సిజన్ కావాలి. రెండు రోజులకోసారి పరీక్ష కిట్‌తో అమ్మోనియా, నైట్రైటు చూసి ఒక నోటుపుస్తకంలో రాయండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది. అది దిగుతుండగా నైట్రైటు పైకి లేస్తుంది. నైట్రైటు దిగడానికి ఎక్కువ కాలం పడుతుంది, చాలామందికి ఓపిక జారేది అక్కడే. మేత వేసిన మర్నాడు కూడా రెండూ సున్నా చూపి, నైట్రేటు మాత్రమే కనిపిస్తే తొట్టి సిద్ధమైనట్టు.

ఆ నోటుపుస్తకం పిల్లల చేతికివ్వండి. చుక్కలు లెక్కపెట్టి వేయడం, రంగు పోల్చడం, తారీఖు వేసి రాయడం వాళ్ల పని. చేపలెప్పుడొస్తాయన్న ప్రశ్నకు జవాబు మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే చెబుతారు. ఎదురుచూడటాన్ని ఒక పనిగా మార్చి చేతికిస్తే పిల్లలు పెద్దవాళ్లకంటే బాగా ఎదురుచూస్తారు.

మన ప్రాంతానికి ఈ నెల మరింత ముఖ్యం కావడానికి ఒక కారణం ఉంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే తీవ్రమైన విషం. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న నీళ్లలో ఆ విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. వేడి 30 డిగ్రీలకు చేరితే 7 శాతం పైమాటే. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణం ఉన్నవే, మన గదులు వేడివే. చల్లని దేశంలో, మెత్తని నీళ్లలో తొందరపాటును చేప కొంత ఓర్చుకుంటుంది. ఇక్కడ ఓర్చుకోలేదు. పీహెచ్ తగ్గించాలని నిమ్మరసం, మందులు పోయకండి. గుణం పదేపదే మారడం చేపకు ఇంకా కష్టం. మీ నీళ్లకు సరిపోయే చేపను ఎంచుకోవడమే మేలు.

ఏ చేపలు, ఎన్ని

గట్టి నీళ్లు, కాస్త వేడి తట్టుకునేవి గప్పీలు, మోలీలు, ప్లాటీలు. రెండడుగుల తొట్టికి మొదట నాలుగైదు గప్పీలు చాలు. మిగతావి రెండు మూడు వారాలు ఆగి తెచ్చుకోండి. బ్యాక్టీరియా బలగం వచ్చిన చేపలకు తగ్గట్టే పెరుగుతుంది. జీబ్రా చేప మన ఉపఖండపు వాగుల్లోదే, ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా పరీవాహక చేపల గురించిన పుస్తకంలో వర్ణించాడు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పరిశోధనలకు పెంచేదీ ఈ జాతినే. గట్టిపిండం, గుంపుగా తిరుగుతుంది కనుక ఆరింటికి తగ్గకుండా పెంచాలి.

గోల్డ్‌ఫిష్ విషయంలో మాత్రం నిక్కచ్చిగా చెబుతాను. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది పెడితే కలిసొస్తుందని చాలా ఇళ్లలో తొమ్మిదింటిని రెండడుగుల తొట్టిలో వేస్తారు. గోల్డ్‌ఫిష్ జానెడు దాకా పెరుగుతుంది, సరిగా చూస్తే పదేళ్లు దాటి బతుకుతుంది, తిన్నదానికి తగ్గట్టు అమ్మోనియా వదులుతుంది. తొమ్మిది చేపలు ఆ తొట్టిలో బతకవు. ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోవడం చూస్తూ అదృష్టం కోసం ఎదురుచూడటం ఏ ఇంటికీ మంచిది కాదు.

చెన్నైలోని కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో రాత్రంతా సంచిలో ప్రయాణం చేసి వచ్చిన చేపను ఆ రోజే కొనకండి. దుకాణంలో వారం నిలిచిన చేపను కొనండి. ఇంటికి తెచ్చాక మూట విప్పకుండా తొట్టిలో పావుగంట తేలనిచ్చి, తర్వాత కొద్దికొద్దిగా మన నీళ్లు కలిపి, చేపను మాత్రం వలతో తీసి వదలాలి. సంచి నీళ్లు తొట్టిలో పోయకూడదు. ఆ రోజు లైటు వేయకండి, మేతా వద్దు. మర్నాటి నుంచి రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి.

ఇక వారానికోసారి పావు వంతు నీళ్లు పైపుతో లాగి, అదే వేడిలో ఉన్న నీళ్లు నింపడం. స్పాంజి నల్లబడితే ఆ తీసిన నీళ్లలోనే పిండడం. మొత్తం నీళ్లు పారబోసి, రాళ్లు తీసి తోమే నెలవారీ శుద్ధి చాలా ఇళ్లలో చూస్తాం. దానివల్ల మీరు నెల కష్టపడి పెంచిందంతా పోతుంది.

వేసవిలో ఒక జాగ్రత్త. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములు దాటి ఆక్సిజన్ ఇముడుతుంది, 32 డిగ్రీలకు అది 7.3 దగ్గరకు దిగుతుంది. అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఎయిర్ పంపు పెంచండి, మూత తీసి వల కప్పి నీటి మీదికి ఫ్యాను తిప్పండి. హైదరాబాద్, కర్నూలు పొడిగాలిలో ఇది రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో అంతగా తగ్గదు, అక్కడ చేపల సంఖ్య తగ్గించుకోవడమే దారి.

తొట్టితో పాటు వచ్చిన చేపలు

పాత తొట్టితో చాలాసార్లు ఒకటో రెండో చేపలు కూడా అంటగడతారు. అవి ఎక్కువగా నల్లటి, గరుకు ఒంటి సక్కర్ చేపలు. చిన్నప్పుడు పాచి తింటుందని కొంటారు. అది అడుగు దాటి పెరిగి, తొట్టిలో తిరగడానికి చోటు లేక నిలిచిపోతుంది. అప్పుడు పాపం చంపడమెందుకని చెరువులో వదిలేస్తారు. జాలితో చేసేదే అయినా దాని ఫలితం ఘోరం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపను మన రైతులు దెయ్యం చేప అంటున్నారు. గట్టి ముళ్ల వల్ల వలలు చిరుగుతాయి, గట్లలో బొరియలు తవ్వుతుంది, కొనేవారుండరు, మన చేపల తిండి తినేస్తుంది. నీటిలోని డీఎన్ఏ జాడలను పరీక్షించి, ఇది తూర్పు కనుమల జలాల్లో విస్తరించిందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిలో చాలావాటి మూలం ఎవరో ఒకరి ఇంటి అక్వేరియమే.

మీకు అక్కర్లేని చేపను కొన్న దుకాణానికి తిరిగివ్వండి, పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి, డబ్బు అడగకండి. గప్పీ అయినా, గోల్డ్‌ఫిష్ అయినా, తొట్టిలోని మొక్క అయినా, నత్త అయినా చెరువులో, కాలువలో, గోదావరిలో వదలవద్దు. తొట్టి కడిగిన నీళ్లను కూడా మొక్కలకు పోయండి, కాలువలోకి వంచకండి.